రొయ్యల ఐసుపెట్టె

పగలంతా ఇసకపల్లి రేవులో
రొయ్యపిల్లల్ని లెక్కబెడతాను.
బీకరును లైటుకు అడ్డం పట్టి
కంటికి ఆననివాటికి లెక్క రాసే ఉద్యోగం.
ఉప్పెంత, వేడెంత, గాలి అందుతోందా లేదా.
ఒక్క డిగ్రీ అటైతే
తెల్లారేసరికి తొట్టి తొట్టంతా తెల్లబడి తేలుతుంది.

ఆదివారం అల్లూరులో, మా వంటింట్లో,
అదే థర్మామీటరు.
పెద్ద డేక్సాలో కచ్చాపచ్చాగా పగిలిన బార్లీ మొలక,
నీళ్ళు అరవై ఆరు దగ్గర గంటసేపు నిలవాలి.
దేంతో కప్పాలో తోచక
చెంగమ్మ పెద్దమ్మ బొంత తెచ్చి చుట్టాను.

"నా బొంత ఎవురికి కప్పినావురా, జొరమా?"
"బీరుకి, పెద్దమ్మా."
ఇంకేం అనలేదు.
అనకపోవడమే నాకు భయం.

ఆ ఏడు సారాపాకెట్ల జీపుకు
అడ్డం పడుకున్న ఆడోళ్ళలో ఈమె ఒకతె.
కొంగున కారప్పొడి, చేతిలో చీపురు.
నాకప్పుడు ఆరేళ్ళు.
రోడ్డుమీద పారిన సారాలో వట్టికాళ్ళతో నడిచి
వీపు పగలగొట్టించుకున్నాను.
పెదనాన్న అప్పటికే లేడు.

వడగట్టి, తియ్యనీళ్ళు పొయ్యెక్కించాను.
కొరియర్లో వచ్చిన హాప్స్, మేకపెంటికలంత పచ్చ గుళికలు.
పొట్లం విప్పగానే
తెల్లారగట్ట పొదలకూరు నిమ్మకాయల మండీ,
బస్తాలు కుట్టేటప్పటి వాసన,
వెనకనే పచ్చిమామిడి జీడి, కోసిన జనుము.
మొదటి పిడికెడు చేదుకి, గంట మరగాలి.
మిగతావి వాసనకి, పొయ్యి ఆర్పాక.

మా సీమ ఉక్కలో ఈస్టు పిచ్చెక్కి పులుస్తుంది.
అందుకని డ్రమ్మును రొయ్యల ఐసుపెట్టెలో దించి
రోజుకో అరదిమ్మ ఐసు.
ఎంత తోమినా పెట్టెకి నీచు పోలేదు.
మూత గట్టిదేలే అనుకున్నాను.

హేచరీలో గాలి లోపలికి పోతూ బుడగలు.
ఇక్కడ లోపల్నించి బైటికి,
సన్న గొట్టం కొసన నీళ్ళసీసాలో
బుడుక్... బుడుక్...
రెండో రాత్రి పెద్దమ్మ దాని పక్కనే మంచం వాల్చుకుంది.
"మా తరవాణి కుండ ఇంత మాట్టాడేది గాదు.
ఎన్నాళ్ళురా ఇది?"
"పద్నాలుగు రోజులు. ఆపైన సీసాల్లో ఇంకో పది."
"మీ పెదనాయన పద్నాలుగు నిమిషాలు ఆగలేకపొయ్యె."
చీకట్లో మొహం కనపడలేదు.

పిప్పి పక్కింటి మస్తానయ్య బర్రెకు పోశాం.
అది మూడు రోజులు మా గేటు వదల్లేదు.

సీసాకు చెంచా చక్కెర అని రాసి ఉంది,
ఏ చెంచానో రాయలేదు.
ఆరో రాత్రి రెండు సీసాలు పేలాయి.
నేను లేచేసరికి
ఆమె చీపురు పట్టుకుని నిలబడి ఉంది,
ముప్పయ్యేళ్ళ కిందటి పిడికిలి.
అయిపోయింది, మొత్తం వీధిలోకే అనుకున్నాను.
గాజంతా ఊడ్చింది. మిగిలినవి లెక్కబెట్టింది.
"ఇరవై మూడు. మూతలు ఒకపాలి వొదులుజేసి బిగించు,
లేదంటే ఇయ్యి గూడా పోతాయి."

పదో రోజు, కొత్త బీకరులో వంచి
అలవాటుకొద్దీ లైటుకు అడ్డం పట్టాను.
ఎండిన వరిగడ్డి రంగు, కాస్త మసక,
పైన వేలెడు నురగ.
ఆమె చేతికిస్తే ముక్కు దగ్గర పెట్టుకుంది.
"వేపపూత," అంది.
కాసేపాగి, "నిమ్మ."
ఇంకాసేపాగి, "నీచు లేదులే."

"నేను తాగను. నువ్వు తాగు, చూస్తా."
ఎదురుగా గడపమీద కూచుని
చివరి గుక్కదాకా నా గొంతునే చూసింది.
బాగుంది. నిజంగా బాగుంది,
ఆ మాట పైకి అనలేకపోయాను.

రెండో సీసా మూతమీద నా చెయ్యి ఉండగా
లేచి, బీకరు తీసుకుపోయి
బూడిద పెట్టి తోమి
అలమర్లో బోర్లించింది.